సైకిల్ దారులు పీకేస్తే ట్రాఫిక్ తగ్గదు

టొరంటోలో బ్లూర్, యంగ్, యూనివర్సిటీ వీధుల్లోని సైకిల్ దారులను రద్దీ తగ్గిస్తామంటూ తీసేయాలని ఒంటారియో ప్రావిన్స్ (రాష్ట్ర) ప్రభుత్వం పట్టుబట్టడం జనం ప్రాణాలతో చెలగాటమే. 2024 నవంబరులో తెచ్చిన బిల్ 212 అనే చట్టంతో కార్ల లేన్ తగ్గించి సైకిళ్లకు దారి ఇవ్వాలంటే నగరాలు ప్రావిన్స్ అనుమతి కోసం చేయి చాచాల్సి వచ్చింది. ఆ దారులు తొలగిస్తే ప్రమాదాలు పెరుగుతాయే తప్ప రద్దీ తగ్గదని 2025 జులైలో సుపీరియర్ కోర్టు తేల్చి చెప్పినా ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. సాయంత్రం పూట బ్లూర్ మీద వీపున పెద్ద డెలివరీ బ్యాగు తగిలించుకుని ఈ-బైకుల మీద వెళ్లేవాళ్లలో చదువుకోడానికి వచ్చిన మన తెలుగు పిల్లలూ ఉంటారు, వాళ్లకీ లారీలకీ మధ్య అడ్డుగా ఉన్నవి ఆ సిమెంటు దిమ్మెలే, అవీ తీసేస్తే మంచు పడ్డ రాత్రి వాళ్లు ఎక్కడ నడపాలి? నేనూ రోజూ కారు నడిపేవాణ్నే. నన్ను ఆపుతున్నది సైకిళ్లు కాదు, నిర్మాణ పనుల పేరుతో నెలల తరబడి మూసేసిన లేన్లు, ఎక్కడ పడితే అక్కడ ఆపేసే డెలివరీ వ్యాన్లు. ఇలాంటి ఆంక్షలు ఎత్తేసి నిర్ణయం నగర కౌన్సిల్‌కే వదలాలి, తొలగింపునకు పెట్టే సొమ్ముతో కూడళ్ల దగ్గర సైకిళ్లకు విడి సిగ్నళ్లు పెట్టాలి, లేన్లు మూసే బిల్డర్ల దగ్గర గట్టిగా ఫీజు వసూలు చేయాలి.

— ఒక తెలుగు పాఠకుడు, టొరంటో