తప్పంతా విదేశీ విద్యార్థులదేనా?

సంపాదకులకు,

విదేశీ విద్యార్థులకు పాఠం చెప్పడంపై యూనివర్సిటీ లెక్చరర్ల అభిప్రాయాలతో మీరు వేసిన కథనం చదివి వారం దాటింది. వదిలేద్దామనుకున్నాను, మనసొప్పలేదు. క్లాసులో నోరు విప్పరు, ఇంగ్లిష్ అంతంతమాత్రం, ఇంటర్నెట్‌లోంచి ఎత్తి రాస్తారు... చెప్పినవాళ్లు మారారు గానీ మాట మారలేదు. నేనూ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణే. నా క్లాసుల్లోనూ పరాయి దేశాల పిల్లలు చదువుకున్నారు. అందుకే కడుపు మండింది.

నోరు విప్పరంటున్నారు. సెమినార్‌లో ప్రశ్న వేశాక మనం ఎంతసేపు ఆగుతాం? రెండు మూడు సెకన్లు. విదేశం నుంచి వచ్చిన అమ్మాయి ఆ ప్రశ్న అర్థం చేసుకుని, జవాబు తన భాషలో అనుకుని, ఇంగ్లిష్‌లో వాక్యం కూర్చుకునేలోపు ముందు వరుసలో కుర్రాడు చెప్పేస్తాడు. చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోతుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఆమె చెయ్యెత్తదు. అదే ప్రశ్న ముందురోజు పంపి, క్లాసులో రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడుకోనివ్వండి. చక్కగా చెబుతుంది. నేను కళ్లారా చూశాను.

ఇక ఇంగ్లిష్. సీటు కోసం రాసే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో రాత పరీక్ష గంటసేపు. అందులో పెద్ద వ్యాసానికి అడిగేది కనీసం 250 పదాలు. మాట్లాడే పరీక్ష పావుగంట కూడా ఉండదు. ఆ స్కోరు చాలని సీటిచ్చింది యూనివర్సిటీయే కదా! తీరా చేరాక వేల పదాల వ్యాసం రాయమంటారు. దిద్దిన కాగితం అంచున ‘ఇంకా క్రిటికల్‌గా రాయాలి’ అని ఒక్క ముక్క రాసి తిరిగిస్తారు. దాంతో ఏం అర్థమవుతుంది? ఒకరి వాదనను ఎలా ప్రశ్నించాలో, తీసుకున్న మాటకు మూలం ఎలా చూపాలో ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారా? నేర్పకుండా, వేరేచోటి రాతతో ఎంత కలిసిందో చూపే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ రిపోర్టులో శాతం చూసి దొంగ ముద్ర వేయడం ఏం న్యాయం? డబ్బిచ్చి రాయించుకునేవాళ్లూ ఉన్నారు, కాదనను. వాళ్లను శిక్షించాల్సిందే. వాళ్ల పేరు చెప్పి అందరినీ అదే గాటన కట్టకండి.

అసలు లెక్చరర్లు నిలదీయాల్సింది మేనేజ్‌మెంట్లను. ఇంగ్లండ్‌నే తీసుకోండి. స్వదేశీ డిగ్రీ విద్యార్థుల ఫీజుకు ప్రభుత్వం పరిమితి పెట్టింది. 2017 నుంచి ఏళ్ల తరబడి దాన్ని 9,250 పౌండ్ల దగ్గరే ఉంచింది. విదేశీ విద్యార్థుల ఫీజుకు అలాంటి పరిమితి లేదు. యూనివర్సిటీలు లోటు పూడ్చుకునేది వీళ్ల ఫీజులతోనే. పిల్లల్ని చేర్పించే ఏజెంట్లకు కమీషన్లు ఇవ్వడానికి డబ్బుంటుంది. రాత నేర్పే ట్యూటర్‌ను వేయమంటే మాత్రం బడ్జెట్ లేదంటారు. క్లాసులు నిండిపోయి, దిద్దాల్సిన పేపర్లు గుట్టలు పడి లెక్చరర్లు నలిగిపోతున్న మాట నిజమే. ఆ కోపం చూపించాల్సింది ఎదురుగా కూర్చున్న పిల్లల మీద కాదు.

ప్రభుత్వాల తీరూ అలాగే ఉంది. 2030 నాటికి 6 లక్షల మంది విదేశీ విద్యార్థులు ఉండాలని బ్రిటన్ 2019లో లక్ష్యం పెట్టుకుంది. 2020-21లోనే ఆ సంఖ్య దాటింది. ఆ తర్వాత వలసలు పెరిగిపోయాయని గోల మొదలైంది. 2024 జనవరి నుంచి, పరిశోధన కోర్సుల్లో ఉన్నవాళ్లు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లపై వచ్చినవాళ్లు తప్ప, కొత్తగా చేరేవాళ్లు కుటుంబాన్ని వెంట తెచ్చుకోకుండా ఆపేశారు. అదే నెలలో కెనడా స్టడీ పర్మిట్లకు పరిమితి ప్రకటించింది. రమ్మన్నదీ వాళ్లే, ఎక్కువమంది వచ్చారన్నదీ వాళ్లే. నిబంధన ఎప్పుడు మారుతుందోనన్న టెన్షన్‌తో కూర్చున్నవాళ్లకు పాఠం ఏం తలకెక్కుతుంది?

మీ పత్రికకు ఒక విన్నపం. అంత పెద్ద కథనంలో విద్యార్థి మాట ఒక్కటీ లేదు. ఈసారి వాళ్లనే అడిగి రాయండి. ఏ లెక్చరర్ పాఠం అర్థమైంది, ఆయన ఏం చేస్తే అర్థమైంది అని అడగండి. ఆ జవాబులు లెక్చరర్లూ చదవాలి, వాళ్ల మేనేజ్‌మెంట్లూ చదవాలి.

- ఒక రిటైర్డ్ అధ్యాపకుడు