ఫతే మైదాన్‌కు ఆ ఫిబ్రవరి వారం మళ్లీ రావాలి: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2005 ఫిబ్రవరి 12న హైదరాబాద్ ఓపెన్ మహిళల టెన్నిస్ టోర్నీ ఫైనల్ జరిగినప్పుడు ఫతే మైదాన్ (ఎల్బీ స్టేడియం) టెన్నిస్ కోర్టు గ్యాలరీలో ఉన్నవాళ్లలో నేనూ ఒకణ్ని. సానియా మీర్జా తొలి సెట్‌ను 6-4తో గెలిచి, రెండోది 5-7తో చేజార్చుకున్నప్పుడు నా గుండె జారిపోయింది. మూడో సెట్ 6-3. ఉక్రెయిన్ క్రీడాకారిణి అలోనా బొండారెంకో ఓడిపోయింది. డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు మన ఊరి అమ్మాయి, గెలిచింది మన ఊళ్లోనే. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు.

గొంతు పోయేలా అరిచి ఇంటికి వెళ్లాం. హైదరాబాద్ ఓపెన్ మళ్లీ జరగదని ఆ రోజు మాలో ఒక్కరికీ తెలియదు.

ఆ టోర్నీ నడిచింది మూడేళ్లే. 2003లో థాయిలాండ్‌కు చెందిన టమరిన్ తనసుగార్న్, 2004లో ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్, 2005లో సానియా విజేతలు. టోర్నీ పేరు ముందు ‘ఏపీ టూరిజం’ అని ఉండేది. అంటే ఉమ్మడి రాష్ట్రంలో పర్యాటక శాఖ పేరుతోనే ప్రపంచ టెన్నిస్ క్యాలెండర్‌లో మన నగరానికి ఒక వారం దక్కింది. 2006లో ఆ వారం బెంగళూరుకు తరలిపోయింది. 2008లో అక్కడ సెరెనా విలియమ్స్ వచ్చి ఆడి గెలిచింది. ఆ తర్వాత బెంగళూరులోనూ ఆగిపోయింది.

టైటిల్ గెలిచిన ఏడాది సంగతి అందరికీ గుర్తుంది. మీకు నేను గుర్తుచేయాలనుకున్నది అంతకు ముందటి రెండేళ్ల సంగతి. 2003లో సానియాకు పదహారేళ్లు. వైల్డ్ కార్డ్ (ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులు ఇచ్చే ప్రవేశం) ఇస్తే ఆడింది, మొదటి రౌండ్‌లోనే ఆస్ట్రేలియా అమ్మాయి ఈవీ డొమినికోవిచ్ చేతిలో మూడు సెట్లు పోరాడి ఓడింది. 2004లో మళ్లీ వైల్డ్ కార్డ్, మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఓటమి. ఈసారి ఓడించింది ఆ ఏటి విజేత ప్రాట్. అయితే అదే వారం లీజెల్ హ్యూబర్‌తో జతకట్టి డబుల్స్ టైటిల్ గెలిచింది. మూడో ఏడు సింగిల్స్ కప్పు ఎత్తింది. అక్కడి నుంచి నెల తిరగకుండానే దుబాయ్‌లో, యూఎస్ ఓపెన్ విజేతగా ఉన్న రష్యా క్రీడాకారిణి కుజ్నెత్సోవాను వరుస సెట్లలో ఓడించింది.

ర్యాంకు లేనిదే పెద్ద టోర్నీలో చోటు దొరకదు, పెద్ద టోర్నీ ఆడనిదే ర్యాంకు పెరగదు. ఆ చిక్కుముడి విప్పేది సొంత ఊళ్లో దొరికే వైల్డ్ కార్డే. పదహారేళ్ల పిల్లకు రెండుసార్లు ఓడిపోయే అవకాశం ఇచ్చి, మూడోసారి కూడా అదే కోర్టులో నిలబెట్టింది హైదరాబాద్ ఓపెన్. సానియా ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. అంతటి ప్రతిభకు కూడా ఆ మూడు ఫిబ్రవరులు ఎంతో ఉపయోగపడ్డాయని చెబుతున్నాను.

ఆ అవకాశం ఇప్పటి మన పిల్లలకు ఏది? 2024 ఫిబ్రవరిలో తెలంగాణ అమ్మాయి సహజ యమలపల్లి ముంబయి ఓపెన్‌లో టాప్ సీడ్ కేలా డేని ఓడించింది. చాలా సంతోషించాను. ఆ మ్యాచ్ చూడ్డానికి మన ఊళ్లో రాకెట్ పట్టుకున్న పిల్లలు గ్యాలరీలో ఉండుంటే ఎంత బాగుండేదో అని బాధ కూడా కలిగింది.

టోర్నీలకు ఊరితో బంధం ఉండదు, క్యాలెండర్‌లోని వారంతోనే ఉంటుంది. ఆ వారం హక్కు ఎవరి చేతిలో ఉంటే, వాళ్లకు ఎక్కడ గిట్టుబాటైతే అక్కడికి పోతుంది. చెన్నైలో 1997 నుంచి 2017 దాకా నడిచిన పురుషుల టోర్నీ పుణెకు వెళ్లింది, 2023 తర్వాత అక్కడి నుంచి హాంకాంగ్‌కు పోయింది. అదే చెన్నై 2022లో మహిళల కోసం డబ్ల్యూటీఏ 250 టోర్నీ (విజేతకు 250 ర్యాంకింగ్ పాయింట్లు ఇచ్చే స్థాయి) తెచ్చుకుంది, 2025లో మళ్లీ నిర్వహించింది. తమిళనాడు చేయగలిగినప్పుడు మనం మాత్రం ఎందుకు చేయలేం?

మొదటి ఏడాదే 250 స్థాయి తెమ్మని అడగడం లేదు. లక్ష డాలర్ల ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) మహిళల టోర్నీతోనో, 250 కంటే కింది స్థాయి అయిన డబ్ల్యూటీఏ 125తోనో మొదలుపెట్టవచ్చు. ఏడాదికోసారి స్పాన్సర్ కోసం వెతుక్కునే పద్ధతి మాత్రం వద్దు. కనీసం ఐదేళ్లకు నిధులు ముందే కేటాయించి, హక్కులో రాష్ట్రానికి వాటా ఉండేలా ఒప్పందం రాయించండి. నిర్వాహకుల చేతికొచ్చే వైల్డ్ కార్డుల్లో ఒకటి ఏటా మన రాష్ట్రపు జూనియర్ అమ్మాయికి దక్కాలని అందులో స్పష్టంగా ఉండాలి. ఆ అమ్మాయి మొదటి రౌండ్‌లో ఓడినా మరుసటి ఏడాది మళ్లీ ఇవ్వడానికి ఎవరూ వెనకాడకూడదు.

మరొక విన్నపం. దీనికి పెద్దగా ఖర్చు లేదు. ఆ మూడేళ్ల డ్రా షీట్లు, ఫొటోలు, టికెట్లు, పత్రికల కత్తిరింపులు దాచుకున్నవాళ్లు నాలాంటివాళ్లు నగరంలో ఇంకా ఉన్నారు. వాటిని సేకరించి, ఎల్బీ స్టేడియం టెన్నిస్ కాంప్లెక్స్‌లో ప్రాక్టీసుకు వచ్చే పిల్లల కంటపడే గోడకు పెట్టించండి. 2023 మార్చి 5న సానియా తన వీడ్కోలు మ్యాచ్ ఆడింది కూడా అక్కడే. నా దగ్గరున్న 2005 ఫైనల్ టికెట్ ఇవ్వడానికి నేను సిద్ధం.

వచ్చే సీజన్ తేదీల కోసం అఖిల భారత టెన్నిస్ సంఘానికి మీ శాఖ నుంచి ఒక్క లేఖ వెళ్లేలా చూడండి.

ఇట్లు,
ఆ ఫైనల్ చూసిన ఒక హైదరాబాదీ