పక్క బండివాణ్ణి అడిగి బండి పెట్టాలట!

ఒరేయ్ శీనూ,

ఏట్రా, ఎలా ఉన్నావు? నార్త్ కరోలినాలో కొత్త ఆసుపత్రి కట్టాలన్నా, ఎం.ఆర్.ఐ. మెషిన్ పెట్టాలన్నా "ఇక్కడ ఇది అవసరమే" అని ప్రభుత్వం చేత సర్టిఫికెట్ ఆఫ్ నీడ్ రాయించుకోవాలని మొన్న నువ్వు ఫోన్లో చెప్తే నవ్వేశాను కదా, తర్వాత కూర్చుని చదివితే ఆ నవ్వు కాస్తా పోయింది. డబ్బు నీదే, డాక్టర్లూ ఉన్నారు, అయినా దరఖాస్తు పెట్టగానే ఊళ్లో పాత ఆసుపత్రివాళ్లు వచ్చి "మేమున్నాంగా, ఇంకోటెందుకు" అని అడ్డం పడొచ్చట! మన వైజాగ్ బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి పెట్టుకోడానికి పక్క బండివాణ్ణి అడిగినట్టుంది. వాడు సరే అంటాడా?

ఈ సర్టిఫికెట్ గోల 1964లో న్యూయార్క్ రాష్ట్రం మొదలెట్టింది, 1974లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దాదాపు అన్ని రాష్ట్రాలకీ అంటగట్టింది. వాళ్ల లెక్క మరీ తెలివితక్కువదేం కాదులే. ఎంత ఖర్చయితే అంతా బీమా కట్టే రోజులవి, మంచం వేస్తే అందులోకి ఎవరో ఒక రోగి వస్తాడు, బిల్లు పెరుగుతుంది, కాబట్టి మంచాలే తగ్గించండి అన్నారు. 1983 నుంచి మెడికేర్, అదే పెద్దవాళ్లకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే బీమా, జబ్బుకింత అని ముందే రేటు కట్టడంతో ఆ లెక్క చెడింది, 1986లో కేంద్రం చట్టం రద్దు చేసింది. కానీ ముప్పైకి పైగా రాష్ట్రాలు వదల్లేదు. పాత ఆసుపత్రులవాళ్లకి అదే కంచె మరి.

మన దగ్గర ప్రైవేటు ఆసుపత్రుల 2002 చట్టం కింద రిజిస్ట్రేషన్, స్కానింగుకి లింగ నిర్ధారణని ఆపే 1994 చట్టం, ఫైరువాళ్లు, ఇంకా బోలెడు కాగితాలు ఉన్నాయి గానీ అవసరమా అని అడిగేవాడు లేడు. మొన్న అమ్మని స్కాన్‌కి రామ్‌నగర్ తీసుకెళ్తే, ఒకచోట చెప్పిన రేటు విని రోడ్డు దాటబోతుంటే వాళ్లే వెనక్కి పిలిచి తగ్గించారు! అదే రోజు కేజీహెచ్ దగ్గర పాడేరు నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన ఒకాయన కనిపించాడు. ఆ ఘాట్ రోడ్డెక్కి స్కానింగ్ పెట్టడానికి రామ్‌నగర్ వాళ్లెవరూ పోటీ పడరు కదా. అలాగని మీ సర్టిఫికెట్ తెచ్చి పెట్టినా ఆయనకి ఒరిగేదేం లేదు, అది వద్దనగలదు గానీ ఎవర్నీ పాడేరుకి లాక్కెళ్లలేదు.

మీ దగ్గర జనాభా లక్షా పాతిక వేలు దాటిన కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివేగా) 2025 నవంబరు నుంచి సర్జరీ సెంటర్లకీ, 2026 నవంబరు నుంచి ఎం.ఆర్.ఐ.కీ ఆ సర్టిఫికెట్ అక్కర్లేదన్నారుగా, రేట్లేమైనా దిగుతాయేమో చూసి రాయి. అమ్మ మాడుగుల హల్వా కట్టి ఉంచింది, అడ్రస్ పాతదేనా?

నీ
రాంబాబు