నల్లరేగడిలో చిల్లుల పైపు ఇక వేయం

మా దగ్గర పని చేయించుకున్న వాళ్లందరికీ, ఈ వానాకాలం లోపు చేయించుకుందామని ఫోన్లు చేస్తున్న వాళ్లకీ నమస్కారం.

ఇంటి చుట్టూ నిలిచే వాన నీళ్లకు దారి చూపించడం మా పని. కాలువలు, పైపులు, ఇంకుడు గుంతలు, సంపు మోటార్లు, ఇవే మా బతుకుతెరువు. హైదరాబాద్ పడమటి వైపు, అంటే పటాన్‌చెరు, కొల్లూరు, శంకర్‌పల్లి చుట్టుపక్కల ఎక్కువగా చేస్తాం. పోయినేడాది మూడు ఇళ్లలో మా పని ఫెయిలయింది. మూడింట్లోనూ తప్పు నాదే. నేనే చెబుదామని ఇది రాస్తున్నాను. ఇద్దరు ముగ్గురికి ఈపాటికే తెలిసిపోయింది, కాస్త ఉప్పూకారం కలిపి మరీ.

మొదటి ఇల్లు చెప్తాను, మిగతా రెండూ దాని బాపతే. మే నెలాఖరు. 200 గజాల ప్లాటు, 1,200 చదరపు అడుగుల స్లాబు. ఇంటావిడ రిటైరైన టీచరు. వానొస్తే వంటగది వెనక గోడ వెంబడి నీళ్లు నిలుస్తున్నాయి, లోపలి గోడకు చెమ్మ ఎక్కుతోంది. మేం ఆ గోడ పక్కన అడుగు వెడల్పు, అడుగున్నర లోతు, 40 అడుగుల పొడవున కందకం తీశాం. గుడ్డ పరిచి, చిల్లుల పైపు పెట్టి, కంకర నింపాం. యూట్యూబ్‌లో ఫ్రెంచ్ డ్రెయిన్ అని చూపిస్తారే, అదే. పేరు చూసి ఫ్రాన్స్ సరుకు అనుకుంటారు గానీ, అమెరికాలో ఫ్రెంచ్ అనే ఇంటిపేరున్న ఒకాయన వల్ల వచ్చిన పేరది. స్లాబు నుంచి దిగే రెండు పైపుల్నీ తెచ్చి అందులోనే కలిపాం. నేలలో ఇంకిపోతాయి కదా అని.

ఇంకుతాయో లేదో తవ్వే ముందు చూశాను కూడా. మోకాలి లోతు గుంత తీసి రెండు బకెట్ల నీళ్లు పోశాం. పది నిమిషాల్లో గుంత ఖాళీ. "మంచిగ గుంజుతుంది సార్" అన్నాడు మేస్త్రీ. నేనూ మురిసిపోయాను.

అది రోహిణి కార్తె. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ నల్లరేగడి పగులుతుంది, వేలు దూరేంత నెర్రెలు ఇస్తుంది. మేం పోసిన నీళ్లన్నీ ఆ నెర్రెల్లోకి జారిపోయాయి. దాన్నే నేల తాగిందనుకున్నాను. జూలైలో ముసురు పట్టింది. ఆ మట్టి తడిసి, ఉబ్బి, నెర్రెలన్నీ మూసుకుపోయాయి. ఒకసారి అలా మూసుకున్నాక నల్లరేగడిలోంచి నీళ్లు కిందికి దిగడం చాలా నెమ్మది. మా కందకంలో నీళ్లు వచ్చినవి వచ్చినట్టే నిలిచాయి, సరిగ్గా పునాది పక్కన.

వెళ్లి చూసేసరికి కంకర మీద అంగుళం ఎత్తు నీళ్లు, అందులో వేపాకులు తేలుతున్నాయి. వంటగదిలో గ్యాస్ బండ వెనక గోడ మీద సున్నం పొక్కులు లేచి ఉంది, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఆవిడ కేకలేమీ వేయలేదు. టీ ఇచ్చి, "ఏం బాబూ, మేం కాలువకు డబ్బులిచ్చామా, కుడితి తొట్టికిచ్చామా?" అని అడిగారు. ఆ టీ ఎలా తాగానో నాకే తెలియాలి.

ఆవిడన్నది లెక్కకు కూడా సరిపోయింది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను, వేయాల్సింది తవ్వకముందు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 1,200 చదరపు అడుగులంటే 111 చదరపు మీటర్ల పైచిలుకు. గంటలో 5 సెంటీమీటర్ల వాన కొడితే ఒక్క స్లాబు మీద నుంచే దాదాపు 5,500 లీటర్లు దిగుతాయి, మనం ఎండాకాలం తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకరు కన్నా ఎక్కువ. మా కందకం వట్టిదైతే 1,700 లీటర్లు పడుతుంది. కంకర నింపాక సందుల్లో మిగిలే జాగా వందకు నలభై వంతులు కూడా కష్టమే. అంటే 680 లీటర్లు. ట్యాంకరెడు నీళ్లు తెచ్చి 680 లీటర్ల తొట్టిలో పోశానన్నమాట, ఆ తొట్టికి తూము కూడా పెట్టకుండా.

ఇంకుడు గుంతకూ ఇదే లెక్క. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గుంత చూడ్డానికి పెద్దగానే ఉంటుంది. కంకరతో నింపితే పట్టేది 900 లీటర్లే. అడుగున నేల లాగుతుంటేనే అది పనికొచ్చేది.

సిగ్గుచేటు ఏంటంటే, మా నాన్న శంకర్‌పల్లి దగ్గర పత్తి వేసినవాడే. నల్లరేగడి చెమ్మ పట్టి ఉంచుతుంది కాబట్టే అక్కడ పత్తి వేస్తారు. పైరుకు వరమైన ఆ గుణమే పునాదికి చేటు. మా ఏరియాలో ఇంకో చిక్కు, నేల కిలోమీటరుకో రకంగా మారుతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ పంటల పరిశోధన కేంద్రం పొలాల్లో ఎర్రనేలా ఉంది, నల్లరేగడీ ఉంది. కాబట్టి పక్క కాలనీలో పనిచేసిందని మీ ఇంట్లో పనిచేస్తుందని అనుకోవద్దు. కీసర వైపు ఎర్రమొరంలో మేం వేసిన చిల్లుల పైపులు నాలుగేళ్లుగా బాగానే ఉన్నాయి. వాటి మీద నమ్మకంతోనే ఇక్కడ బోల్తా పడ్డాను.

ఇప్పుడు మారినవి చెప్తాను.

బకెట్ పరీక్ష ఇక ఒక్క పూటలో అవ్వదు. ముందు రోజు సాయంత్రం గుంత తీసి నిండా నీళ్లు పోస్తాం. రాత్రికి మీరే ఇంకో రెండు సార్లు నింపాలి, మట్టి నానాలి, ఉబ్బేది ఉబ్బాలి. మర్నాడు పొద్దున మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో చూస్తాం. అర అంగుళం కూడా దిగలేదంటే ఆ ఇంట్లో ఇంకించే పని ఏదీ పెట్టుకోం. మీరు పట్టుబట్టినా పెట్టుకోం. నాలుగైదు అడుగుల నల్లమట్టి కింద మొరం తగిలే చోట్లు కొన్ని ఉంటాయి, అక్కడ గుంతను మొరం దాకా దించితే పనిచేస్తుంది. అయితే పునాదికి పదడుగుల దూరమైనా ఉండాలి. 200 గజాల ప్లాటులో పక్కల వదిలే జాగా మూడు నాలుగు అడుగులే కాబట్టి, ఉంటే గింటే గేటు దగ్గర, కారు పెట్టే చోట కింద.

మరి ఇంకని ఇంట్లో ఏం చేయాలి? ఇక్కడే నా ఆలోచన పూర్తిగా మారింది. ఇదివరకు కస్టమరు అడగ్గానే పైపా, కాలువా, గుంతా అని మొదలుపెట్టేవాణ్ని. ఇప్పుడు మొదట గేటు బయటికెళ్లి నిలబడుతున్నాను. నీళ్లు ఆఖరికి ఎక్కడ పడాలి, ఆ చోటు మీ పెరటి కన్నా ఎంత పల్లంలో ఉంది, ఇది తేలాకే మిగతా మాటలు. కాలువకు నూరడుగులకు అడుగు వాటం కావాలి. వెనక గోడ నుంచి గేటు దాకా 40 అడుగులుంటే దాదాపు ఐదు అంగుళాల పల్లం. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోసుకుంటూ పోయిన కాలనీల్లో ఇంటి వాకిలే రోడ్డు కన్నా కిందికి పోయింది, అక్కడ ఐదు అంగుళాలు ఎక్కడి నుంచి తేను? లెవెల్ పైపు, అంటే నీళ్లు నింపి ఎత్తుపల్లాలు చూసే గొట్టం, పట్టి చూసిన రోజే ఆ మాట మొహం మీద చెప్పేస్తాను.

వాకిలి పల్లంగా ఉన్న ఇళ్లకు ఈ ఏడాది ఒక పద్ధతి పట్టుకున్నాను, నాకు చాలా నచ్చింది. మన ఇంటి మీద పడే నీళ్లలో మూడింట రెండు వంతులు స్లాబువే. అవి పదడుగుల ఎత్తున ఉన్నాయి. వాటిని నేల మీదికి దించి, గుంతలో పడేసి, మళ్లీ మోటారు పెట్టి పైకి తోడటం ఎందుకు? స్లాబు పైపును మూడడుగుల ఎత్తులోనే ఆపి, పక్క గోడకు క్లాంపులు కొట్టి, వాటంగా గేటు దాకా తీసుకొచ్చి, అటు నుంచి అటే బయటి వరద కాలువలోకి వదులుతున్నాం. వాటం సరిగ్గా ఉంటే 1,200 అడుగుల స్లాబుకు ఒక్క నాలుగంగుళాల పైపు చాలు. కరెంటు అక్కర్లేదు. ఆకులు అడ్డం పడకుండా పైన జాలీ మాత్రం పెట్టుకోవాలి. గోడ మీద పైపు కనిపిస్తే ఎలివేషన్ పాడవుతుందని నలుగురిలో ముగ్గురు వద్దంటున్నారు. గోడ రంగే వేయించుకోండి, నెల తిరిగేసరికి మీకే కనిపించదు.

ఇక నేల మీద పడే మిగతా వంతుకు చిన్న సంపు, అర హెచ్‌పీ మోటారు, దానికి ఫ్లోట్ స్విచ్, అంటే నీళ్లు పెరగ్గానే మోటారును దానంతటదే ఆన్ చేసేది. గట్టి వాన పడే రాత్రే కరెంటు పోతుంది, అది మీకూ తెలుసు నాకూ తెలుసు. అందుకే ఇది ఆఖరి దారి. ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే ముందే చెప్పండి, మోటారు దాన్ని బట్టి తెస్తాను. అలాగే తాగునీళ్ల సంపు మూత నేలతో సమానంగా ఉన్నవాళ్లు ఆరంగుళాలైనా కట్ట కట్టించుకోండి. దానికి మేమే రానక్కర్లేదు, మీ వీధి మేస్త్రీ ఒక పూటలో కట్టేస్తాడు. వాకిట్లో నిలిచిన నీళ్లు ఆ మూత సందులోంచి దిగితే మర్నాడు ఇంటిల్లిపాదీ తాగేది అవే.

మ్యాన్‌హోల్‌లో కలపమని వారానికి ఇద్దరైనా అడుగుతారు. అది మురుగు లైను, వాన నీళ్ల కోసం వేసింది కాదు. వీధంతా తలా ఒక పైపు అందులో కలిపితే గట్టి వానకు లైను నిండి వెనక్కి తంతుంది. అప్పుడు అందరికన్నా ముందు పొంగేది పల్లంలో ఉన్న ఇంటి బాత్రూమే. కాదన్నందుకు ఈ ఏడాది రెండు పనులు పోయాయి, ఇంకెవరో కలిపి ఇచ్చారట. పక్కింటి గోడ కిందికి వదిలేయమనే వాళ్లకూ ఇదే జవాబు.

గ్యారంటీ గురించి. ఇదివరకు మా బిల్లు మీద "ఇంటి చుట్టూ నీళ్లు నిలవవు, ఐదేళ్ల గ్యారంటీ" అని ఉండేది. ఆ ముక్క తీసేశాను. వాటానికి, జాయింట్లకు, మోటారు బిగింపుకు ఐదేళ్లు నాది పూచీ. వానకు నేను పూచీ ఉండలేను. మా లెక్కలన్నీ గంటకు 5 సెంటీమీటర్ల వానకు వేసినవి. 2020 అక్టోబర్‌లో బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు పడింది. అలాంటి రోజున వీధి కాలువే నిండి ఉంటుంది, మా పైపు ఎక్కడికని వదలాలి?

సైటు చూడ్డానికి ఇప్పుడు 800 రూపాయలు తీసుకుంటున్నాం. రెండు రోజులు, రెండు ట్రిప్పులు, ఒక మనిషి కూలి. పని మాకే ఇస్తే బిల్లులో తగ్గిస్తాం. పరీక్ష చూసి "మీకు మా పని అక్కర్లేదు, పెరట్లో రెండు ట్రాక్టర్ల మొరం పోయించి వాటం మార్చుకోండి" అని చెప్పి వచ్చిన ఇళ్లూ ఉన్నాయి, అక్కడా 800 తీసుకున్నాను. దీనికి తిట్టుకున్నవాళ్లు ఉన్నారు, తెలుసు.

ఆ మూడు ఇళ్ల సంగతి. కంకర, పైపు అన్నీ తీసేసి, కందకం పూడ్చి దిమ్మిస కొట్టించి, గోడ నుంచి మూడడుగుల వెడల్పున కాంక్రీటు పోస్తున్నాం, బయటి వైపుకు అంగుళంన్నర పల్లంతో. దాని అంచున జాలీ మూత పెట్టిన తెరిచిన కాలువ. స్లాబు నీళ్లు పైన చెప్పినట్టు గోడ మీదుగా బయటికి. ఖర్చంతా మాదే. ఎంతయిందో రాయను, మా ఆవిడ కూడా ఇది చదువుతుంది. టీచరు గారి ఇల్లు ఏప్రిల్‌లో అయిపోయింది. అకాల వాన ఒకటి గట్టిగా పడితే ఆవిడే ఫోన్ చేశారు. "కాలువ పారుతోంది, వచ్చి చూసుకుంటావా?" అన్నారు. వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని జాలీలోంచి చూస్తే వెనక గోడ నుంచి గేటు దాకా నీళ్లు ఆగకుండా పోతున్నాయి. వంటగది గోడకు మాత్రం చెమ్మ ఇంకా ఆరలేదు, ఇంకో ఎండాకాలం పట్టేలా ఉంది. ఆ సున్నం పని కూడా నేనే చేయించాలి.

రెండో ఇల్లు పోయిన వారం ముగిసింది. మూడో ఇంటివారికి: సోమవారం పొద్దున ఏడింటికి వస్తున్నాం. మృగశిర లోపు పూర్తి చేస్తాం. ఆదివారం సాయంత్రం ఇసుక ట్రాక్టరు వస్తుంది, గేటు ముందు కారు తీసి ఉంచండి.