చిలకపాలెం దగ్గర మా కారు చూసిన అన్నయ్యకు

మొన్న ఆదివారం అమ్మను తీసుకుని విజయనగరం నుంచి అరసవల్లి దర్శనానికి బయల్దేరాను. చిలకపాలెం దగ్గర టీకి ఆగి మళ్ళీ కీ తిప్పితే టకటకమని చప్పుడే తప్ప కారు స్టార్ట్ కాలేదు. ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ లైట్లన్నీ ఒక్కసారే వెలిగాయి. ఇదే జబ్బుకి నెల క్రితం ఒక షెడ్డులో కొత్త బ్యాటరీ వేయించాను కూడా. ఎండలో అమ్మ. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

"ఏటి బాబూ, ఏటైంది?" అంటూ మీరు బండి ఆపారు.

మీటర్ పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. "బ్యాటరీకేటీ అవలేదు. ఇన్ని పార్టులు ఒకేసారి పోవు కదా, ఎర్త్ చూద్దాం" అన్నారు. ఎర్త్ అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి. మీటర్ వైరు ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ మీద ఆనించి నన్ను కీ తిప్పమన్నారు. అర వోల్టు కూడా దాటకూడని చోట 3 వోల్టులు! అంటే ఆ దారిలో ఎక్కడో కరెంటుకి అడ్డు ఉందన్నమాట. బ్యాటరీ టెర్మినల్ విప్పి, ఇంజన్‌కీ బాడీకీ మధ్యనున్న ఎర్త్ వైరు ఊడదీస్తే, బోల్టు కింద పచ్చగా చిలుము. ఉప్పుకాగితంతో ఇనుము తళతళలాడేదాకా ఓపిగ్గా రుద్ది బిగించారు. ఒక్క తిప్పుకే స్టార్టయింది. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు చూపించింది, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా బాగుందన్నారు.

డబ్బు ముట్టలేదు. "అమ్మని తీసుకెళ్ళండి, ఆలస్యమైపోతాది" అని వెళ్ళిపోయారు.

అర్చనలో పేర్లు అడిగితే అమ్మ "మా కారు బాగుచేసిన బాబు" అని మీ తరఫున చెప్పింది. మీకు మా ఇద్దరి నమస్కారాలు అన్నయ్యా.