రేణిగుంట ఎయిర్‌పోర్టు ప్లాన్ గీసే ముందు మా ఊరికొకసారి రండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. నేను రేణిగుంట మనిషిని. 2015 అక్టోబర్ 22న, అమరావతి శంకుస్థాపన జరిగిన రోజే, ప్రధాని మా ఊరికొచ్చి తిరుపతి విమానాశ్రయంలో కొత్తగా కట్టిన గరుడ టెర్మినల్ ప్రారంభించారు. ఆ రోజు మాకు నిజంగా పండగే. ఆ సంతోషం ఇప్పటికీ ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇకమీదట అక్కడ ఏ పని తలపెట్టినా, డ్రాయింగు ఖాయం కాకముందే మాతో కూర్చుని మా మాట వినండి. నేను అడిగేది ఇదే.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, ఆ మధ్య ఒక పెద్ద నగరంలో అమ్మను విమానం ఎక్కించడానికి బస్సులో వెళ్ళాం. బస్సు దిగిన చోటి నుంచి టెర్మినల్ తలుపు దాకా నీడ లేదు, కూర్చోవడానికి ఒక్క బల్ల లేదు, అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, రెండుసార్లు పెట్టె మీదే కూర్చోబెట్టాల్సి వచ్చింది. కట్టడం మాత్రం అద్దాలతో మెరిసిపోతోంది. బస్సులో వచ్చేవాళ్ళు కూడా ఉంటారని గీసేటప్పుడు ఎవరికీ తట్టలేదు, అంతే. మా ఊళ్ళో అలా కాకూడదు.

ఇక్కడ దిగేవాళ్ళలో చాలామంది స్వామి దర్శనానికి వచ్చినవాళ్ళే. పుట్టెంట్రుకలు తీయించడానికి తెచ్చిన చంటిబిడ్డ, కర్ర పట్టుకున్న తాతగారు, మొదటిసారి విమానం ఎక్కిన అవ్వ. బయటికి రాగానే వాళ్ళు అడిగేది అలిపిరికి ఎట్లా పోవాలి, బస్సు ఎక్కడ దొరుకుతుంది అని. బస్సు ఎక్కడ ఆగాలి, చంటిబిడ్డకు పాలు పట్టే గది ఏ పక్కన ఉంటే పనికొస్తుంది, ఎండాకాలం మధ్యాహ్నం జనం ఎక్కడ గుమిగూడతారు, ఇవన్నీ రోజూ చూసే టాక్సీ, ఆటో డ్రైవర్లకు, లోపల ఊడ్చే అక్కలకు తెలిసినంతగా ఢిల్లీలో కూర్చున్న కన్సల్టెంటుకు ఎట్లా తెలుస్తుంది?

కువైట్ సంగతి కూడా చెప్పాలి. మా తమ్ముడు అక్కడ డ్రైవరు. రాజంపేట, రాయచోటి, కడప వైపు పల్లెల నుంచి ఎంతమంది గల్ఫ్‌కు పోతారో మీకు చెప్పక్కర్లేదు. వాళ్ళకు రేణిగుంట దగ్గర, కానీ విమానం కోసం రాత్రంతా కారు మాట్లాడుకుని చెన్నైకి పోతారు, సాగనంపడానికి అమ్మానాన్న, పెళ్ళాంబిడ్డలు వెంట ఉంటారు. మా తమ్ముడు వెళ్ళిన ప్రతిసారీ, పుత్తూరు దాటేదాకా అమ్మ వాడి చెయ్యి వదలదు. అంతర్జాతీయ విమానాశ్రయం అన్న పేరు ఉంది కదా, ఆ పేరు వీళ్ళకు పనికిరావాలి. ఏ దేశానికి ఎంతమంది పోతున్నారు, ఏ వేళ విమానం అయితే పల్లె నుంచి బయల్దేరి అందుకోగలరు అని ఆ కుటుంబాలనే అడగండి. విమానం నడపాలా వద్దా అని కంపెనీలు ఆలోచించేటప్పుడు ఆ లెక్క వాటి ముందు పెట్టొచ్చు.

నీళ్ళ మాట మరీ ముఖ్యం. 2021 నవంబర్ వరదలు మేం మరిచిపోలేదు. స్వర్ణముఖి ఎట్లా పొంగిందో, తిరుపతి వీధుల్లో నీళ్ళెట్లా పారాయో కళ్ళారా చూశాం. రన్‌వే పొడిగించినా, పార్కింగు పెంచినా అంతమేర నేల నీళ్ళు తాగడం మానేస్తుంది, ఆ నీళ్ళు పక్క చేలల్లోకి, ఇళ్ళల్లోకి పోతాయి. పాత కాలువ ఏది, ఏ చెరువు అలుగు ఎటు పారుతుంది అన్నది అక్కడి రైతును గట్టు మీద నిలబెట్టి అడిగితే వేలితో చూపిస్తాడు. భూములిచ్చింది కూడా వాళ్ళే.

మీకూ మా అవసరం ఉంది. రన్‌వే దగ్గర చెత్త, మాంసం వ్యర్థాలు పడేస్తే గద్దలు చేరతాయి, విమానాలకు ప్రమాదం. 10 కిలోమీటర్ల లోపు అలా వెయ్యకూడదని నిబంధన ఉంది కానీ బోర్డు పెట్టినంత మాత్రాన ఆగదు, చుట్టుపక్కల పంచాయతీలు తమ పని అనుకుంటేనే ఆగుతుంది.

పెద్ద విస్తరణలకు పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలని కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ చెబుతోంది. 30 రోజుల ముందు నోటీసు, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో, అన్నీ అందులో ఉన్నాయి. కానీ అప్పటికే ప్లాన్ తయారై ఉంటుంది, జనం అవునో కాదో అనడమే మిగులుతుంది. ఎంపీ గారి అధ్యక్షతన ఉండే ఎయిర్‌పోర్టు సలహా కమిటీలో ఒక డ్రైవరుకు, ఒక రైతుకు, గల్ఫ్ కుటుంబం నుంచి ఒకరికి చోటివ్వండి. చిన్న పనికైనా సరే నక్షా తెలుగులో గీయించి పంచాయతీ ఆఫీసుల్లో అంటించండి. మేం చెప్పిన ప్రతి మాటకూ రాతపూర్వకంగా జవాబివ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి, అర్థం చేసుకుంటాం.

కోల్‌కతా ఎయిర్‌పోర్టులో 10 రూపాయలకు టీ దొరికేలా చేశారు మీరు. సామాన్యుల గోడు వింటేనే కదా అట్లాంటి పని జరిగింది! అందుకే ధైర్యంగా అడుగుతున్నాను. ఏదైనా ఒక ఆదివారం సాయంత్రం మాతో సమావేశం పెట్టండి, కూలికి పోయేవాళ్ళు కూడా వస్తారు. అమ్మను నేను తీసుకొస్తాను, బల్లలు ఎక్కడ వెయ్యాలో ఆమే చెబుతుంది.

ఇట్లు,
రేణిగుంట వాసి