గర్భిణి గుడ్డు గర్భిణికే

సంపాదకులు గారికి,

బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని కడుపుతో ఉన్న కోడలికి సంగటి ముద్ద సగం చేసి పెట్టే అత్తలు మా చిత్తూరు వైపు ఇంకా ఉన్నారు. అంగన్‌వాడీలో ఇచ్చిన పాలు ఇంటిల్లిపాది కాఫీలోకి, గుడ్డు పెద్దపిల్లాడి పళ్లెంలోకి పోతాయి. సీమంతం రోజు మాత్రం స్వీట్లకు లోటుండదు!

ఈ లెక్క కాన్పుతో తీరిపోయేది కాదు. 1944-45 నెదర్లాండ్స్ కరువులో తల్లి కడుపున ఉన్నవాళ్లను పెద్దయ్యాక పరీక్షిస్తే, వాళ్ల ఒంట్లో గ్లూకోజు అదుపు అంత బాగా లేదు. అంత దూరం ఎందుకు, పుణె దగ్గరి పల్లెల్లో 1993లో మొదలైన అధ్యయనం మన సంగతే చెప్పింది. అక్కడి పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా కండ తక్కువ, కొవ్వు శాతం ఎక్కువ. తల్లికి ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ మాత్రలతో అందే విటమిన్) ఎక్కువగా ఉండి విటమిన్ బి12 తక్కువైతే, ఆరేళ్లకే పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయని లక్షణం ఎక్కువగా కనిపించింది. అలాగని ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకూడదు, అవి బిడ్డ మెదడుకు, వెన్నుకు అవసరం. బి12 కోసం పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం కావాలి. ఆకుకూరలతో రాదు.

ఇద్దరి తిండి తినమనడమూ తప్పే. తల్లి షుగర్ అదుపు తప్పితే బిడ్డకు ముందుముందు ఊబకాయం, షుగర్ ముప్పు పెరుగుతుంది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చేసే పరీక్షను మొదటి చెకప్‌లో ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి చేయించుకోవాలి. టెన్షన్‌తో దీన్ని ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు.

అధికారులు సీమంతాల ఫొటోలతో సరిపెట్టకుండా, అంగన్‌వాడీ సమావేశాలకు అత్తలను, మొగుళ్లను కూడా పిలిపించాలి. గుడ్డు, పాలు వీలైనచోట కేంద్రంలోనే తినిపించి పంపాలి.

- ఒక పాఠకురాలు, చిత్తూరు